దీర్ఘసూత్రత: విద్యార్థుల కాలయాపనమునుగూర్చిన విచారచరిత్రము

చేయవలసిన పనిని, చేయవలయునని తానే నిశ్చయించుకొనియు, చేయకున్నఁ గీడు గలుగునని యెఱిఁగియు, నేఁటినుండి రేపటికిఁ ద్రోయుట మనుష్యస్వభావమునందలి ప్రాచీనములైన వింతలలో నొకటి. కర్షకుఁడు, వర్తకుఁడు, ఉద్యోగి యెల్లరు దీనికి లోఁబడువారే యైనను, విద్యార్థులయం దిది విశేషముగాఁ గానవచ్చును. పరీక్ష యాఱునెలల దూరమున నున్నదని మొదటిదినముననే తెలిసికొన్నవాఁడు కడపటివారమున రాత్రి తెల్లవాఱులు దీపముముందు గూర్చుండును. లోకము వానిని సోమరి యనును, ఉపాధ్యాయుఁడు మందలించును, తండ్రి దూషించును. వాఁడును దన్నుఁ దాను నిందించుకొని, మరుసటి పరీక్షకు మరల నట్లే చేయును.

ఈనింద న్యాయమైనదా, ఈరోగమునకు నింద మందగునా యను ప్రశ్నకు రెండువేలయేండ్లకుఁ బైఁబడిన చరిత్రము కలదు. దానిని గ్రమముగాఁ బరిశీలించినచో, దీర్ఘసూత్రత సోమరితనము కాదనియు, కాలముయొక్క విలువ తెలియకపోవుటయుఁ గాదనియు, పనితోఁ గూడుకొనియున్న యొక దుఃఖమునుండి తాత్కాలికముగాఁ దప్పించుకొనుటయే దాని స్వరూపమనియుఁ దేలుచున్నది. ఈయర్థము ప్రాచీనులకుఁ గొంత తెలిసి, నడుమ మఱుఁగుపడి, ఇటీవలి ప్రయోగములచే మరల వెలువడినది.

పదవిచారము

సంస్కృతమున దీర్ఘసూత్రుఁ డనఁగా నిడుపైన నూలు గలవాఁడని యక్షరార్థము. పనిని దారమువలె సాగఁదీయుచుఁ దుదముట్టింపనివాఁడని భావము. అమరసింహుఁడు దీర్ఘసూత్ర చిరక్రియ శబ్దములను బర్యాయములుగాఁ జెప్పెను. లాటినుభాషయందు "క్రాస్" అనఁగా రేపు. దానినుండి పుట్టిన "ప్రోక్రాస్టినారే" యను క్రియకు రేపటికిఁ ద్రోయుట యని యర్థము. ఆంగ్లమున నీదోషమునకు వాడు పదము దీనినుండియే వచ్చినది. తెలుఁగున వాడుకయందున్న "వాయిదా" శబ్ద మరబ్బీమూలము. దానికి మూలమునందు మాట యిచ్చుట యని యర్థము.

ఈమూఁడుశబ్దములు నొకేదోషమును మూఁడువైపులనుండి చూపుచున్నవి. సంస్కృతపదము పని సాగుటను, లాటినుపదము దినము మాఱుటను, వాయిదా మనుష్యుఁడు తనకుఁ దా నిచ్చుకొను మాటను దెలుపును. అంగళ్లలో "అరువు రేపు" అని వ్రాసియుంచిన పలకను జూచువా రెల్లరు నారేపు రాదని యెఱుఁగుదురు. విద్యార్థి మాత్రము తన మనస్సులోని పలకమీఁది రేపును బ్రతిదినమును నమ్మును. అతఁడు పనిని విడిచిపెట్టినవాఁడు కాఁడు. చేయుదునని మాట యిచ్చినవాఁడే. సోమరికి నతనికిని గల మొదటి భేద మిది. సోమరి పని చేయకయే సుఖముగా నుండును. దీర్ఘసూత్రుఁడు పని చేయఁడు, సుఖముగను నుండఁడు.

భారతీయుల మతము

మహాభారత శాంతిపర్వమునందలి మూఁడుచేఁపలకథ పాఠశాలలయందు సుప్రసిద్ధము. దీర్ఘదర్శి యనుచేఁప జాలరులు నీరు దీసివేయుట కనిపెట్టి కాలువవెంటఁ దొలఁగిపోయెను. ప్రాప్తకాలజ్ఞుఁ డనునది యాపద వచ్చిన తఱి నుపాయముఁ బన్ని తప్పించుకొనెను. దీర్ఘసూత్రుఁడు తొందర యేల యని యుండి చిక్కి చచ్చెను. పంచతంత్రమున నీమూఁడవచేఁపకు యద్భవిష్యుఁడని పేరు. కానున్నది కాకమానదని యుండువాఁడని దాని భావము. పేరుతోపాటు దోషముయొక్క నిదానమును మాఱినదని గ్రహింపవలయును. భారతమున నది జాగుచేయు స్వభావము; పంచతంత్రమున దైవముపై భారము వేయుట.

ఆశాంతిపర్వమునందే మోక్షధర్మములలోఁ జిరకారియుపాఖ్యానము కలదు. గౌతముఁడు భార్యపైఁ గోపించి, యామెను వధింపుమని కుమారుఁడగు చిరకారి కాజ్ఞాపించి వనమునకుఁ బోయెను. ఏపనినైనను జిరకాల మాలోచించి కాని చేయని యాకుమారుఁడు పితృవాక్యము గొప్పదా, మాతృరక్షణము గొప్పదా యని చింతించుచుఁ గాలము గడపెను. ఇంతలోఁ దండ్రి పశ్చాత్తాపముతోఁ దిరిగివచ్చి, కొడుకు జాగుచేసియుండుటకు సంతోషించి వానిఁ గౌఁగిలించుకొనెను. కాఁబట్టి యాలసించుట యెల్ల దోషము కాదని భారతమతము. చిరకారి జాగునకు వివేకము మూలము. దీర్ఘసూత్రుని జాగున వివేక మెదిరిపక్షమున నిలిచియుండును. ఇప్పుడే చేయుమని యది చెప్పుచునేయుండును, వాఁడు వినకుండును. వ్యాసము వ్రాయవలసిన విద్యార్థి యింకను గ్రంథములను దిరుగవేయుచుండుట చిరకారిత్వమో దీర్ఘసూత్రతయో పైకిఁ జూచి చెప్పరాదు. ఆలస్యము కీడని తానే యెఱిఁగి యాలసించుచున్నాఁడా యనునదే గుర్తు. నేఁటి మనస్తత్త్వశాస్త్రజ్ఞుల లక్షణవాక్యములందు నీయంశమే ప్రధానముగా నున్నది.

భగవద్గీత పదునెనిమిదవ యధ్యాయమునఁ దామసకర్తృలక్షణములు చెప్పఁబడినచోట మఱియొక సూక్ష్మము కలదు. అచ్చట నలసుఁడు వేఱుగాఁ బేర్కొనఁబడెను. ఆవెంటనే విషాదియు దీర్ఘసూత్రియు నొకరిప్రక్క నొకరు చెప్పఁబడిరి. అలసుఁడును దీర్ఘసూత్రియు నొక్కఁడే యైనచోఁ బునరుక్తి యగును. విషాదమునకును దీర్ఘసూత్రతకును సాన్నిధ్యము చెప్పఁబడుటయుఁ దలఁచుకొనఁదగినది. పతంజలియు యోగమునకుఁ దొమ్మిది యంతరాయములను జెప్పుచు స్త్యానమును నాలస్యమును వేర్వేఱుగా లెక్కించెను. చిత్తము పనికిఁ బూనలేకపోవుట స్త్యానమనియు, శరీరచిత్తముల బరువుచేతఁ బ్రవర్తింపకుండుట యాలస్యమనియు వ్యాసభాష్యము వివరించినది. చదువుకొనఁ గూర్చుండియు మనస్సు పూనక లేచిపోవు విద్యార్థి స్త్యానమునకుఁ జక్కని యుదాహరణము. అతని శరీరమునందు బరువు లేదు. ఆటకుఁ బిలిచిన నప్పుడే పరుగెత్తును.

యవనులు, రోమకులు, ఎడారిమునులు

యవనదేశమున హేసియడ్ కవి తన కృషికావ్యమునఁ దమ్ముఁడగు పెర్సీసునకుఁ బనిని రేపటికిఁ ద్రోయరాదని బోధించెను. అది గృహస్థనీతి. దీనిని దత్త్వవిచారముగాఁ జేసినవారు తరువాతి దార్శనికులు. మంచిదేదో నిజముగా నెఱిఁగినవాఁడు చెడ్డదానిని గోరఁడనియు, అట్లు చేసిన నెఱుకలో లోప మున్నదనియు సోక్రటీసు వాదించినట్లు ప్లేటో ప్రొటాగొరసు సంవాదమునఁ జూపెను. అరిస్టాటిలు నీతిశాస్త్రము సప్తమభాగమున దీని నంగీకరింపక, ఎఱుక యుండియు నది పనిచేయని స్థితి యొకటి కలదని చెప్పి, దానిని "అక్రాసియా" యనెను; తన్నుఁ దా నేలుకొనలేమి యని దాని భావము. చదువక చెడిపోవుచున్నవానికిఁ జదువుయొక్క ప్రయోజనమునుగూర్చి మరల మరల బోధించు నుపాధ్యాయుఁడు తనకుఁ దెలియకయే సోక్రటీసు పక్షమున నుండును. ఆబోధ వ్యర్థమగుట చూచినపు డరిస్టాటిలు పక్షము బలపడును.

రోమకులలో సిసిరో యాంటోనీపైఁ జేసిన ప్రసంగములందుఁ గాలయాపనము గర్హ్యమనెను. కాని యది రాజ్యకార్యములకు సంబంధించినది. చదువువిషయమున నీరోగమును దగ్గఱనుండి చూచినవాఁడు క్రీస్తుశకము నాలుగవ శతాబ్దమున నీజిప్తు ఎడారిలోఁ దపస్సు చేసిన యివాగ్రియసు అను క్రైస్తవముని. ఈతఁడు 399వ సంవత్సరమున మరణించెను. మునుల నావేశించు దుర్భావములలో "అకీడియా" యనుదానిని వర్ణించుచు, దానికి లోఁబడినవాఁడు గ్రంథము చేతఁ బట్టి యేమి చేయునో యాతఁడు చెప్పెను. వాఁ డావులించును, కన్నులు నులుముకొనును, చూపును గ్రంథమునుండి త్రిప్పి గోడవంకఁ జూచును, మరలఁ గొంత చదివి మిగిలిన పుటలను లెక్కించును, వ్రాఁత బాగులేదని తప్పులు పట్టును, తుదకు గ్రంథమును మూసి తలక్రిందఁ బెట్టుకొని నిద్రించును. పదునాఱువందలయేండ్లు గడచినను నీచిత్రమున మార్పవలసిన దేమియు లేదు.

ఇవాగ్రియసు దీనిని దుఃఖమునకు సమీపమున నుంచెను. ఆఱవ శతాబ్దాంతమున గ్రెగరీ పోపు పాపములపట్టికను సవరించినపు డకీడియాకుఁ బ్రత్యేకస్థానము పోయి, యది విషాదముతోఁ గలిసిపోయెను. మఱికొంతకాలమునకు విషాదమను పేరును బోయి సోమరితన మనునదియే నిలిచినది. ఈపేరుమార్పు చిన్నది కాదు. విషాదము గలవానికిఁ జికిత్స కావలయును; సోమరికి శిక్ష చాలును. ఐరోపా పాఠశాలలకు సంక్రమించినది రెండవభావమే.

జాన్సను మొదలు జేమ్సు వఱకు

ఆంగ్లనిఘంటుకర్త శామ్యూల్ జాన్సను (1709-1784) ఈదోషమును శాస్త్రముగాఁ దెలిసి, యనుభవముగా భరించినవాఁడు. 1728వ సంవత్సరమున నాక్స్‌ఫర్డునందలి పెంబ్రోకు కళాశాలయందుఁ జేరిన క్రొత్తలో నాలుగుదినములు పాఠమునకుఁ బోక, యేల రాలేదని గురువడుగఁగా మైదానమున మంచుమీఁద జాఱుచు నాడుకొనుచుంటినని చెప్పినట్లు బాస్వెలు వ్రాసెను. ధనాభావమున నొకయేఁటికిఁ బైగాఁ గొద్దికాలమునకే చదువు మానెను. 1751 జూను 29వ తేదీని "రాంబ్లర్" పత్రికయందుఁ గాలయాపనమునుగూర్చి వ్యాసము ప్రకటించెను. ఆవ్యాసమునే యచ్చుకూటమునకుఁ గొనిపోవుటకుఁ బిల్లవాఁడు కాచుకొనియుండఁగా నాతఁడు త్వరత్వరగా వ్రాసెనని పియోజీ యను విదుషి తెలిపినది. 1756లోఁ జందాదారులకు షేక్స్‌పియరు నాటకముల పరిష్కరణము మఱుసటియేఁట నిత్తునని ప్రకటించి, 1765లోఁ గాని యీయలేదు. నడుమ 1762లోఁ జర్చిలు అనుకవి యాతని బహిరంగముగా నవహేళనము చేసెను.

ఇట్టివానిని సోమరి యనుట యెట్లు? ఒక్కఁడే ప్రధానుఁడై, కొలఁదిమంది లేఖకుల సాయముతో మహానిఘంటువును 1755లో ముగించినవాఁ డాతఁడు. ఆతని మరణానంతరము 1785లోఁ బ్రకటింపఁబడిన ప్రార్థనలఁ జూచినచోఁ బ్రాతఃకాలమున లేతునని, కాలము వ్యర్థపఱుపనని యేఁటేఁట నొకేసంకల్పము, ఏఁటేఁట నొకేపశ్చాత్తాపము గనఁబడును. తన్నుఁ దాను నిందించుకొనుటలో జాన్సను లోపము చేయలేదు. కాని యానింద యాతని నొక్కనాఁడును ముందుగా నిద్ర లేపలేదు.

అమెరికాదేశీయుఁడగు విలియం జేమ్సు మనస్తత్త్వశాస్త్రమునకు మూలగ్రంథము వ్రాయుటకు 1878లో నొడంబడి, రెండేండ్లలో ముగింపఁదలఁచి, పండ్రెండేండ్లకు 1890లోఁ బ్రకటించెను. ఆగ్రంథమునందలి యభ్యాసప్రకరణము, ఇచ్ఛాప్రకరణము విద్యార్థుల కుపాధ్యాయులు తఱచుగా బోధించునవి. ఇచ్ఛాశక్తి యనఁగాఁ గష్టమైన భావమును మనస్సున నిలిపి పట్టుటయే యని జేమ్సు సిద్ధాంతము. కష్టభావము నిలువకుండుట కేమి కారణమను ప్రశ్న తరువాతివారికి మిగిలినది.

దూరపుపరీక్ష

ఈచరిత్రమునఁ బండితులు మఱవరాని మఱియొకయంశము విద్యాపద్ధతి. గురుకులమునఁ గాని వీథిబడిలోఁ గాని శిష్యునకు నాఱునెలల గడువు లేదు. నిన్నటిపాఠము నేఁ డొప్పగింపవలయును. ఒప్పగించినఁ గాని క్రొత్తపాఠము లేదు. తెలుఁగువ్యాకరణమును 1816లో నాంగ్లమునఁ బ్రకటించిన కాంబెలు బళ్లారిజిల్లా కలెక్టరుగా నుండి 1823లో నచ్చటి తెలుఁగు కన్నడ బడులనుగూర్చి యొకనివేదిక వ్రాసెను. ప్రాతఃకాలమున మొదట వచ్చిన బాలుని యఱచేత సరస్వతి పేరు వ్రాయుదురనియు, రెండవవానిచేత సున్న వ్రాయుదురనియు, మూఁడవవానికి నొకదెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపై వచ్చినవారికిఁ గ్రమముగా హెచ్చుదెబ్బలు తగులుననియు నందుఁ గలదు. దెబ్బలమాట యటుండఁగా, ఇచ్చట గౌరవముగాని శిక్షగాని తప్పునకును నొప్పునకును నిమిషములదూరమున నుండెను.

1857లో మద్రాసు విశ్వవిద్యాలయము లండను విశ్వవిద్యాలయమును మాదిరిగాఁ గొని యేర్పడినది. మొదట నది బోధనాలయము కాదు. పరీక్షలు జరపి పట్టము లిచ్చు సంస్థ. తెలుఁగుదేశపు విద్యార్థులకు మొదటిసారిగా నెన్నఁడో వచ్చు, ఎవరో దిద్దు, ఒక్కసారి తేలిపోవు పరీక్ష జీవితనిర్ణేత యయ్యెను. దూరపుకొండలు నునుపన్న సామెత యీపరీక్షకు సరిపోవును. దూరమున నున్నపుడది తేలికగాఁ దోఁచును. దగ్గఱకు రాఁగా రాళ్లును ముండ్లును గనఁబడును.

ఈదూరముయొక్క ప్రభావమును జార్జి ఐన్స్‌లీ 1975లో శాస్త్రరీతిగా నిరూపించెను. ఫలము దూరమైనకొలఁది దాని విలువ మనస్సున సమముగాఁ దగ్గదు. దగ్గఱనున్న యల్పసుఖము నిమిషకాలము మిక్కిలి పెద్దదై, దూరపు మహాఫలమును గప్పివేయును. ఇందుల కొకచారిత్రకనిదర్శన మున్నది. ఫ్రెడ్ కెల్లరు అను నాచార్యుఁడు 1968లోఁ బ్రకటించిన క్రొత్తబోధనపద్ధతిలో విద్యార్థి యెవరివేగమున వాఁడు చదివి, సిద్ధమైనపుడు ప్రకరణపరీక్ష నీయవచ్చును. విద్యాఫలమున మేలైనదని పేరొందిన యీపద్ధతికిఁ బెద్దబాధయైనది విద్యార్థుల కాలయాపనమే. స్వేచ్ఛ యిచ్చినకొలఁదిఁ బ్రకరణములు సంవత్సరాంతమునకుఁ బేరుకొనెను.

1977 తరువాతి పరిశోధనములు

కేవలము దూరమే కారణమైనచో విద్యార్థి యన్నిపనులను సమముగా వాయిదా వేయవలయును. అట్లు జరుగదు. ఇష్టమైన గ్రంథమును ముందే చదువును. కాఁబట్టి పనియొక్క స్వభావమును బరిశీలింపవలసివచ్చెను. 1977లో నాల్బర్టు ఎల్లిసు, విలియం నాసు అనువా రీవిషయమునఁ బ్రత్యేకగ్రంథము వ్రాసిరి. 1983లో జేన్ బర్కా, లెనోరా యూయెన్ అను నిద్దఱు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున బర్కిలీవిద్యార్థుల బాధలను వినిన యనుభవముతో మఱియొకగ్రంథము ప్రకటించిరి. చదివియుఁ దప్పినచోఁ దనకుఁ బ్రజ్ఞ లేదని తేలిపోవునను భయముచే విద్యార్థి చదువునే తప్పించుకొనునని వీరి యభిప్రాయము.

దీనికి 1978లో స్టీవెన్ బెర్గ్లాసు, ఎడ్వర్డు జోన్సు చేసిన ప్రయోగ మొక సాక్ష్యము. సాధింపరాని చిక్కుప్రశ్నల నిచ్చి, చక్కగా సాధించితిరని కొందఱను బొగడిరి. పిమ్మట మఱల పరీక్షకు ముందు బుద్ధిని హెచ్చించునదని చెప్పిన మందును, తగ్గించునదని చెప్పిన మందును జూపి కోరుకొమ్మనిరి. తమ కేల మెప్పు వచ్చినదో తెలియనివారు, ముఖ్యముగాఁ బురుషులు, బుద్ధిని దగ్గించు మందును గోరుట కానవచ్చెను. ఓడినచో మందుపైఁ దోయవచ్చును. గెలిచినచో మెప్పు రెట్టింపగును. దీనిని స్వవిఘ్నకల్పన మనవచ్చును. కడపటిరాత్రి చదువ నారంభించు విద్యార్థికిఁ గాలాభావమే యామందు.

1984లో వెర్మాంటు విశ్వవిద్యాలయమున లారా సాలమన్, ఎస్తర్ రాత్‌బ్లమ్ 342 మంది విద్యార్థుల నడిగి లెక్కలు గట్టిరి. వ్యాసరచనమును దాదాపుగా నెప్పుడును వాయిదా వేయుదుమనువారు నూటికి 46 మంది; వారపుపాఠములను జదువుటలో నట్లు చేయువారు 30 మంది; పరీక్షకుఁ జదువుటలో 28 మంది. పనులన్నిటిలో రచన మొదటిదగుట గమనింపఁదగినది; రచనయందే కర్త యొరులకు విప్పి చూపఁబడును. కారణములను బరిశీలింపఁగా నపజయభయము, పనిపై ననిష్టము అను రెండు ప్రధానముగాఁ దేలెను. కాలమును బంచుకొను నేర్పు లేమి యొక్కటియే కారణము కాదని యీపరిశోధనముతో స్పష్టమయ్యెను.

భయమే మూలమను మతముమీఁదఁ దరువాత నాక్షేపము వచ్చినది. 2007లోఁ బియర్స్ స్టీల్ పూర్వపరిశోధనములనుండి 691 సంబంధగణనలను గూర్చి చూచి, యెల్లవారియందును భయమునకుఁ గాలయాపనమునకుఁ గల సంబంధము బలహీనమనియు, పనిపై ననిష్టము, చేయఁగలనను ధైర్యము లేమి, చిత్తచాపల్యము, ఫలముయొక్క దూరము బలమైన హేతువులనియు నిర్ణయించెను. ఈరెండుమతములకు విరోధము పైకిఁ దోఁచినంత లేదు. కొందఱికి భయము, కొందఱికి విసుగు, కొందఱికి సందేహము. అన్నిటికి సామాన్యమైనది పని దగ్గఱకుఁ బోఁగానే కలుగు నప్రియము.

ఆయప్రియమునుండి తప్పించుకొనుటయే దీర్ఘసూత్రత యని తేల్చిన ప్రయోగము 2001లో డయాన్ టైస్, ఎలెన్ బ్రట్‌స్లావ్‌స్కీ, రాయ్ బౌమైస్టరు చేసినది. మనస్సు క్రుంగియున్న విద్యార్థులు రానున్న గణితపరీక్షకు సాధన చేయక, ప్రక్కనున్న వినోదములతోఁ గాలము పుచ్చిరి. మఱికొందఱికి నొకసువాసనపుఁ గ్రొవ్వొత్తిని జూపి, దీనివలన మీమనఃస్థితి కొంతసేపు మాఱదని నమ్మించిరి. వా రట్లు కాలము పుచ్చలేదు. వినోదముచే మనస్సు తేలికపడదని నమ్మినవానికి వినోదమునకుఁ బాఱిపోవుటకుఁ గారణము లేదు. సోమరితనమే మూల మైనచో నీనమ్మిక భేదము కలిగింపఁగూడదు. 2013లో ఫ్యూషియా సిరోయి, తిమోతి పిచిల్ ఈమతమును సిద్ధాంతముగాఁ గూర్చి, దీర్ఘసూత్రుఁడు రాఁబోవు తన్నుఁ బణముగాఁ బెట్టి ప్రస్తుతపు మనస్సునకు శాంతిఁ గొనుచున్నాఁడని నిరూపించిరి. గీతలో విషాదదీర్ఘసూత్రతల కున్న సాన్నిధ్యము శాస్త్రమున హేతుహేతుమద్భావ మైనది.

పూర్వపక్షములు

ఒత్తిడియందే బుద్ధి వికసించునని, కడపటిరాత్రి వ్రాసినదియే తమకు మేలగునని విద్యార్థులు తఱచుగాఁ జెప్పుదురు. టైస్, బౌమైస్టరు 1997లో దీనిని బరీక్షించిరి. సంవత్సరారంభమున వాయిదాకాండ్రకు నలజడి తక్కువ, రోగములును దక్కువ. గడువు సమీపించినపుడు రెండును హెచ్చి, మొదటి లాభమును మించిపోయెను. మార్కులును దక్కువ వచ్చెను. కావున నీవాదము ననుభవము బలపఱుపదు. జాన్సనువ్యాసమును బోలిన యుదాహరణములు గలవన్నను, ఆతని వెనుక ముప్పదియేండ్ల పఠన ముండెను.

గడువును విద్యార్థికే విడిచిన నాతఁడే దిద్దుకొనునని రెండవవాదము. డాన్ ఆరియెలీ, క్లాస్ వెర్టెన్‌బ్రాక్ 2002లోఁ బ్రకటించిన ప్రయోగములలో నొకదాని యందు విద్యార్థులకుఁ దప్పులు దిద్దు పని నిచ్చిరి. సమభాగములుగా గడువులు నిర్ణయింపఁబడినవా రెక్కువ తప్పులు పట్టిరి. తమగడువులను దామే యేర్పఱచుకొన్నవారు మధ్యములు. తుదిగడువు మాత్రమే గలవారు కనిష్ఠులు. విద్యార్థికిఁ దన బలహీనత తెలియును, కాని తగినంత తెలియదు.

దండనయే దారియని మూఁడవవాదము. ఇది పాఠశాలలకు మిక్కిలి సంబంధించినది. ఒట్టావాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయమున వోల్, పిచిల్, బెన్నెట్ 2010లోఁ బ్రకటించిన పరిశోధనమున 119 మంది ప్రథమవర్ష విద్యార్థులను బరిశీలించిరి. మొదటిపరీక్షకుఁ గాలయాపనము చేసినవారిలోఁ దన్నుఁ దాను క్షమించుకొన్నవారు రెండవపరీక్షకుఁ దక్కువగా జాగుచేసిరి; ఆత్మనింద వదలనివారియం దట్టి మేలు కానరాలేదు. ఇది వింతగాఁ దోఁచవచ్చును గాని, పై సిద్ధాంతమునుండి సహజముగా ఫలించును. చదువనగానే దుఃఖము, దుఃఖముచే జాగు, జాగుచే నింద, నిందచేఁ జదువుపై మఱింత దుఃఖము. నింద యీచక్రమును ద్రిప్పు నాకు వంటిది. ఆఁపు మేకు వంటిది కాదు. ధర్మశాస్త్రములందుఁ బ్రాయశ్చిత్తమునకుఁ బ్రయోజనము దోషి మరల కర్మార్హుఁ డగుట గాని, దోషమును నిరంతరము స్మరించుట గాదు. ఇచ్చటి క్షమయు నట్టిదే. దోషము నొప్పుకొనకుండుట క్షమ కాదు. ఒప్పుకొని, ముగించి, పుస్తకము దెఱచుట క్షమ.

ఫలితార్థము

ఇంతవఱకుఁ జూపిన చరిత్రమువలన నుపాధ్యాయులకు రెండువిషయములు తేలుచున్నవి. ఒకటి, గడువును దగ్గఱకుఁ దెచ్చుట. పెద్దవ్యాసమును జిన్నభాగములుగా విభజించి, భాగభాగమునకు దిన మేర్పఱచి, వ్రాసినదానిని వెంటనే చూచుట ప్రాచీనపాఠశాలల నిత్యపాఠపద్ధతికిఁ గ్రొత్తరూపమే. దానిని విడిచి సంవత్సరాంతపరీక్షను మాత్రమే నమ్ముకొన్న వ్యవస్థ, దీర్ఘసూత్రులను దానే తయారుచేసి, తానే దూషించుచున్నది.

రెండవది, పనినుండి దుఃఖమును దగ్గించుట. ఆలసించిన విద్యార్థిని మొదట నడుగవలసిన ప్రశ్న "ఏల చేయలేదు?" అనునది కాదు, ఆప్రశ్నకు సిగ్గుతప్ప నుత్తరము లేదు. "ఇందులో నీకుఁ గష్టముగాఁ దోఁచిన దేది?" యని యడిగినచో నొకఁడు భాష రాదనును, ఒకఁడు వెక్కిరింతురనును, మఱియొకఁ డెచ్చట మొదలుపెట్టవలయునో తెలియదనును. భాష రానివానికి భాష చెప్పవచ్చును. వెఱచువాని చిత్తును ముందుగా నేకాంతమునఁ జూడవచ్చును. మొదలు తెలియనివానికి మొదటివాక్యము చూపవచ్చును. బళ్లారిబడిలో మూఁడవవాఁడై వచ్చినవానికిఁ దగిలిన దెబ్బ మఱునాఁడు వాని కాళ్లను ద్వరపఱిచియుండవచ్చును; సమయమునకు వచ్చి పుస్తకముముందు గూర్చుండి గోడవంకఁ జూచువాని చిత్తమును ద్వరపఱుచు శక్తి యాదెబ్బకు లేదు.